పాప్ స్మియర్ రిపోర్టులో ‘అన్‌శాటిస్‌ఫాక్టరీ’ అని వస్తే

35 ఏళ్ల మా అక్కయ్యకు పాప్ స్మియర్ (గర్భాశయ ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే క్యాన్సర్ పరీక్ష) రిపోర్టులో ఇలా వచ్చింది, క్యాన్సరేమో అని అడిగారు. క్యాన్సర్ ఉందని కాదండీ. మీ అక్కయ్య రిపోర్టులో ఆ మాట ఉందంటే, స్లైడ్ మీద చూడటానికి సరిపడా కణాలు లేవని, లేదా రక్తమో ఇన్ఫెక్షనో అడ్డొచ్చిందని.

చాలామంది "క్యాన్సర్ అని రాయలేదుగా" అని ఫైలు బీరువాలో పెట్టేస్తారు. దయచేసి అలా వదిలేయకండి. ఇది నార్మల్ రిపోర్టు కాదు, పరీక్ష జరగనట్టే లెక్క. 2 నుంచి 4 నెలల్లోపు మళ్లీ చేయించాలి.

1. నెలసరి రోజుల్లో వద్దు. మొదలైన 10 రోజుల తర్వాత వెళ్లండి.
2. ముందు 2 రోజులు కలయిక, యోనిలో పెట్టే మాత్రలు, క్రీములు వద్దు.
3. అక్కయ్యకు 35 ఏళ్లన్నారు కాబట్టి హెచ్‌పీవీ (ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్) పరీక్ష గురించి కూడా అడగండి.

కలయిక తర్వాత రక్తం కనిపిస్తుంటే మాత్రం ఇన్నాళ్లు ఆగొద్దు, ఈ వారమే గైనకాలజిస్టుకు చూపించండి.