హనుమకొండలో తాతగారి పాత స్టాండర్డ్ హెరాల్డ్ కారు ఉంది. రేసుకూ ర్యాలీకీ పనికొచ్చేలా బాగు చేయించొచ్చా?

చేయించొచ్చు. కానీ రెండింటికీ ఒకే బండి అంటే కుదరదు. మీది రెండు డోర్ల హెరాల్డ్ అనీ, ఏళ్ల తరబడి షెడ్డులో కదలకుండా ఉందనీ రాశారు. బండికి స్పానర్ పెట్టకముందే రేసా, ర్యాలీనా అన్నది తేల్చుకోండి. నేను ఇదే మోడల్‌ని వరంగల్‌లో బాగు చేయించి నడుపుతున్నాను. నన్నడిగితే ర్యాలీయే అంటాను.

ఎందుకంటే 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు విడిగా రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన సొంత బండికి ‘వీఏ’ అక్షరాలున్న నంబరు ఇస్తారు. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత మళ్లీ చేయించడానికి 5,000. రోజూ ఆఫీసుకు వేసుకెళ్లడానికి లేదు గానీ వింటేజ్ ర్యాలీకి, ఎగ్జిబిషన్‌కి, పెట్రోలు పోయించడానికి, రిపేరుకి రోడ్డెక్కొచ్చు. మెలిక ఎక్కడుందంటే, చాసీ, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకుండా బండి ఒరిజినల్‌గానే ఉండాలి. రేసుకేమో లోపల రోల్ కేజ్ (పల్టీ కొట్టినా మనిషిని కాపాడే ఇనుప చట్రం) బిగించాలి, సీట్లు పీకేయాలి, ఇంజిన్‌లో చేయి పెట్టాలి. రెండూ ఎలా పొసుగుతాయి?

ర్యాలీ అంటే స్పీడుగా తోలడం అనుకుంటారు చాలామంది. పాత బండ్లకు ఎక్కువగా పెట్టేది టైమ్-స్పీడ్-డిస్టెన్స్ పద్ధతి. వాళ్లిచ్చిన సగటు వేగంతో సరిగ్గా టైముకి కంట్రోల్ పాయింట్ చేరాలి. ఆలస్యమైతే పెనాల్టీ, ముందొచ్చినా పెనాల్టీయే. దారిలో ఆగిపోని బండి, పక్కన లెక్కలు వేసే మనిషి ఉంటే చాలు. హెరాల్డ్‌లోని 948 సీసీ చిన్న ఇంజిన్‌కి తగిన పని ఇదే.

పని చాసీ దగ్గర మొదలుపెట్టండి. హెరాల్డ్ బాడీ ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించి ఉంటుంది, విప్పడం తేలికే. చాసీకి రెండు పక్కలా బయటికి పొడుచుకొచ్చే చేతుల్లాంటి భాగాలకే ముందు తుప్పు పడుతుంది. స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడండి. పెయింటు మీద మోజుతో ముందే డెంటింగ్ షెడ్డుకి తోలారంటే తుప్పు మీద పుట్టీ, పుట్టీ మీద రంగు వేసి ఇస్తారు. పైన పటారం, లోన లొటారం.

తర్వాత ముందు చక్రాలు. ప్రాణాల మీదకి తెచ్చేది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. చక్రాన్ని మోసే నిలువు కడ్డీ కింద మరలు ఉంటాయి. అది ట్రనియన్ అనే కంచు ముక్కలోకి బిగిసి, స్టీరింగ్ తిప్పినప్పుడల్లా అందులోనే తిరుగుతుంది. మన మేస్త్రీలు అలవాటుకొద్దీ అక్కడ గ్రీజు కొట్టేస్తారు. గ్రీజు మరల లోపలికంటా వెళ్లదు. నీళ్లు చేరి కడ్డీ లోలోపలే తుప్పు పట్టి, ఏ మలుపులోనో విరిగి చక్రం వాలిపోతుంది. అక్కడ పోయాల్సింది 90 నంబరు గేర్ ఆయిల్. నేను గ్రీజు గన్‌లోనే ఆయిల్ నింపించి, పైనుంచి బయటికి కారేదాకా కొట్టించాను. ఆటోనగర్ మేస్త్రీ నన్నో పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. చూడనివ్వండి. కడ్డీ మీద ఏ కాస్త తుప్పు గాటు కనిపించినా కొత్తది వేయాల్సిందే.

వెనక సస్పెన్షన్‌లో అడ్డంగా ఒకటే కమాన్ కట్ట, దానికి స్వింగ్ యాక్సిల్, అంటే చక్రంతో పాటే పైకీ కిందికీ ఊగే ఇరుసు. మలుపులో వేగంగా వెళ్తూ ఠక్కున యాక్సిలరేటర్ వదిలితే బయటివైపు వెనక చక్రం లోపలికి మడత పడ్డట్టై, వెనక భాగం జారిపోతుంది. ఇండియాలో ఇది ఎవరికీ నచ్చకే 1972లో వచ్చిన అదే కంపెనీ గెజెల్ కారుకి మామూలు యాక్సిల్ పెట్టారు. అలాగని మీరు దాన్ని మార్చొద్దు. మంచి షాకబ్జార్బర్లు, కొత్త బుష్‌లు వేయించి, మలుపుకి ముందే వేగం తగ్గించే అలవాటు చేసుకోండి. ములుగు దాటాక లక్నవరం వైపు వంకర్ల రోడ్డు మీద నిదానంగా నడిపి చూస్తే బండి స్వభావం అర్థమవుతుంది.

ఇంజిన్‌కి ఒక్క పరీక్ష. ఎవరి చేతనైనా క్లచ్ తొక్కిస్తూ ఇంజిన్ ముందున్న క్రాంక్ పుల్లీని (ఫ్యాన్ బెల్టుని తిప్పే చక్రం) చూడండి. అది ముందుకు వెనక్కి జరగాల్సింది 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లే. కంటికి స్పష్టంగా కదిలితే, ఆ కదలికను అదుపులో ఉంచే థ్రస్ట్ వాషర్లు అరిగినట్టు. ఇంజిన్ దించకుండా సంప్ (కింది ఆయిల్ తొట్టి) విప్పి మార్చొచ్చు. పట్టించుకోకపోతే వాషర్ ఊడిపడి బ్లాకే పాడవుతుంది.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ 20 శాతం దాకా కలిసిన పెట్రోలు. పాత రబ్బరు పైపులు, పెట్రోలు పంపులోని డయాఫ్రం అనే పల్చటి పొర దానికి తట్టుకోవు, అన్నీ కొత్తవి వేయించండి. రేడియేటర్ కూడా విప్పించి కడిగించండి. మన మే నెల ఎండల్లో పెట్రోలు పైపులోనే ఆవిరై బండి మొరాయించడం మామూలే, అందుకే పైపుని సైలెన్సర్ వేడికి దూరంగా జరిపించాలి.

స్పేర్ల విషయంలో టెన్షన్ అక్కర్లేదు. ఈ కారు మద్రాసులో తయారైంది కాబట్టి చెన్నై పుదుపేటలో ఓపిగ్గా వెతికితే కొన్ని దొరుకుతాయి. పైగా 1962లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారుని హెరాల్డ్ చాసీనే కురచ చేసి కట్టారు. దాని విడిభాగాలు ఇంగ్లండ్‌లో ఇప్పటికీ తయారవుతున్నాయి. ట్రనియన్ లాంటివి అక్కడి నుంచే తెప్పించుకోవడం మేలు. కస్టమ్స్ మోత తప్పదు.

ఇంకా రేసు కోరిక చావకపోతే దానికి విడిగా ఓ పాత మారుతి కొనండి. దేశంలో మోటారు రేసుల్ని చూసే సంఘం ఎఫ్ఎంఎస్‌సీఐ ఇచ్చే లైసెన్స్ తీసుకుని, బండిని ట్రాలీ మీద చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కో, కోయంబత్తూరుకో తీసుకెళ్లాలి. తాతగారి బండిని మాత్రం దానికి బలిపెట్టొద్దు.

ఇంతకీ ఆర్‌సీ పుస్తకం దొరికిందా? అది ఎవరి పేరు మీద ఉందో రాస్తే పేరు మార్పిడి సంగతి చెబుతాను.