ప్రశ్నలు – జవాబులు: ఆన్‌లైన్ లోకంలో చదువుకున్నవారెవరు?

ప్రశ్న: వరదల రోజుల్లో మా విశ్రాంత ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపులోకి ఒక సందేశం వచ్చింది. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్టకు 40 లక్షల క్యూసెక్కుల నీరు వస్తోందని, రాత్రికి గట్లు తెగుతాయని అందులో ఉంది. భాష శుభ్రంగా ఉండటంతో, అంకెలు కూడా ఇవ్వడంతో మా వాళ్లలో ఒక్కరూ అనుమానించలేదు. ఇంటర్ చదువుతున్న మా మనవరాలు మాత్రం రెండు నిమిషాల్లో అది అబద్ధమని తేల్చింది. జీవితమంతా పిల్లలకు చదువు చెప్పినవాళ్లకు పట్టుబడనిది ఆ పిల్లకు ఎలా పట్టుబడింది? ఈ ఆన్‌లైన్ వ్యవహారంలో చదువుకున్నవారు అనిపించుకోవాలంటే ఏం తెలిసి ఉండాలి?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, పాలకొల్లు

జవాబు: మాస్టారూ, మన జనాభా లెక్కల్లో ఏడేళ్లు నిండి, ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవగలిగి, రాయగలిగినవారిని అక్షరాస్యులుగా నమోదు చేస్తారు. 2011 లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అలాంటివారు సుమారు 67 శాతం. ఈ లెక్క మన ముందున్న కాగితం మీద ఏముందో తెలుసుకోగల శక్తిని కొలుస్తుందే తప్ప, ఆ కాగితం ఏ దారిన మన చేతికి వచ్చిందో, మన చేతినుంచి ఎక్కడికి పోతుందో తెలుసా అని అడగదు. అచ్చు కాలంలో ఆ ప్రశ్న అంతగా అవసరం కాలేదు. 1867 నాటి చట్టం ప్రకారం ప్రతి ముద్రిత ప్రతి మీదా ముద్రాపకుడి పేరు, ముద్రించిన ఊరు ఉండి తీరాల్సి వచ్చేది. 1874లో కందుకూరి వీరేశలింగం గారు వివేకవర్ధని పత్రికను ప్రారంభించి అధికారుల లంచగొండితనాన్ని ఎండగట్టినప్పుడు, ఆ రాతలు గిట్టనివారికి సైతం ఎవరిని నిలదీయాలో స్పష్టంగా తెలుసు. మీ గ్రూపులోకి వచ్చిన సందేశం కింద అటువంటి పేరేదీ లేదు. పంపిన మిత్రుడి పేరు కనిపిస్తుంది కానీ, ఆయన రాసినవాడు కాదు, మోసుకొచ్చినవాడు. మనం నమ్మేది రాతను కాదు, ఆ మిత్రుడిని. ఆయన కూడా తనకు పంపిన మరో మిత్రుడిని నమ్మి ఉంటాడు.

ఈ గొలుసు ఎంత దూరం పోతుందో 2018లో దేశమంతా చూసింది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతి వాట్సాప్‌లో పాకడంతో ఆ ఏడాది జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడలో ఐదుగురిని జనం కొట్టి చంపారు. అప్పట్లో తిరిగిన వీడియోల్లో ఒకటి కరాచీలో పిల్లల భద్రత గురించి అవగాహన కోసం తీసినది. చివర ఉన్న వివరణను కత్తిరించి వదిలారు. వాట్సాప్ సందేశాల మీద 'ఫార్వర్డెడ్' అనే గుర్తు అప్పటినుంచే కనిపిస్తోంది, మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా కట్టడి చేసిందీ ఆ రోజుల్లోనే. మొదట రాసినవారినుంచి ఐదు లేదా అంతకంటే ఎక్కువ చేతులు మారిన సందేశానికి మరుసటి ఏడాది జంట బాణాల గుర్తు వచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి అలాంటి సందేశాన్ని ఒకసారికి ఒక్క చోటికే పంపగలం. ఆ జంట బాణాలు చూసి సందేశం అబద్ధమని తీర్మానించడం కూడా పొరపాటే. అవి చెప్పేది రాసినవారికీ మీకూ మధ్య చాలామంది ఉన్నారని మాత్రమే.

ఇక మీ మనవరాలి సంగతి. ఆ అమ్మాయి సందేశాన్ని మీకంటే శ్రద్ధగా చదివి ఉండదు, బహుశా సగమే చదివి, దాన్ని వదిలి వేరే చోట వెతికి ఉంటుంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో వెలువరించిన ఒక అధ్యయనంలో 10 మంది చరిత్ర ఆచార్యులకు, 10 మంది నిజనిర్ధారకులకు, 25 మంది విద్యార్థులకు కొన్ని వెబ్‌సైట్లు చూపి, ఏది నమ్మదగినదో చెప్పమన్నారు. ఆచార్యులూ విద్యార్థులూ ఇచ్చిన పేజీనే పైనుంచి కిందికి చదువుతూ, దాని రూపాన్నీ భాషనూ చూసి తరచుగా మోసపోయారు. నిజనిర్ధారకులు మాత్రం పేజీని వెంటనే వదిలి, దాని వెనుక ఎవరున్నారో ఇతరులు ఏమంటున్నారో వెతికి, తక్కువ సమయంలో సరైన నిర్ణయానికి వచ్చారు. నిదానంగా, చివరిదాకా చదవమని మనం పిల్లలకు నేర్పిన అలవాటే ఇక్కడ అడ్డొస్తోందని ఒప్పుకోవడం మీకు కష్టంగా ఉండవచ్చు, నాకూ ఇబ్బందిగానే ఉంది.

అయితే మీ దగ్గర ఉండి ఆ పిల్ల దగ్గర లేనిదొకటి ఉంది. ధవళేశ్వరం వద్ద 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది ఇస్తారని డెల్టాలో పెరిగినవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. 2022 జూలై వరదలో 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకలవారు నేటికీ చెప్పుకునే 1986 ఆగస్టు వరదలో సుమారు 35 లక్షలు వచ్చింది. కాబట్టి 40 లక్షలన్న మాట నిజమైతే అది 1986ను మించిన వరద, భద్రాచలం వద్ద నీటిమట్టం గంటల ముందే ఆ సంగతి చెప్పి ఉండాలి. ఆ మట్టాన్ని కేంద్ర జల సంఘమూ, ధవళేశ్వరం ప్రవాహాన్ని రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థా ఎప్పటికప్పుడు ప్రకటిస్తూనే ఉంటాయి. ఊరి జ్ఞాపకంతో అంకెను తూచి చూడగలవారు గ్రూపులో ఒక్కరు నోరు విప్పినా ఆ సందేశం అక్కడే ఆగేది.

మీ మనవరాలికి కూడా తెలియకపోగల సంగతి ఇంకొకటి చెబుతాను. యూట్యూబ్, ఫేస్‌బుక్ తెరిచినప్పుడు ఏది ముందు, ఏది వెనుక అన్నది సంపాదకుడు నిర్ణయించడు. మీరు దేని దగ్గర ఎంతసేపు ఆగారో, దేన్ని ఇతరులకు పంపారో, దేనికి స్పందించారో చూసి యంత్రం నిర్ణయిస్తుంది. ఒకే అరుగు మీద కూర్చున్న అన్నదమ్ములిద్దరి ఫోన్లలో లోకం రెండు రకాలుగా కనిపిస్తుంది. వరద వీడియో ఒకటి చివరిదాకా చూసినవారికి మరో పది వస్తాయి, వాటిలో పాత ఏళ్లవీ, వేరే నదులవీ ఉంటాయి. అప్పుడు 'ఎక్కడ చూసినా ఇదే' అనిపిస్తుంది కానీ, చూస్తున్నది తమ ఫోనొక్కటే. వేళ్లు వేగంగా కదిలే కుర్రవాళ్లకు ఈ ఎరుక ఉందని నేననుకోను. పెళ్లి శుభలేఖ పేరుతోనో, ట్రాఫిక్ చలానా పేరుతోనో వచ్చిన, ఫోన్‌లో కొత్త యాప్‌ను ఎక్కించే ఏపీకే ఫైలును వెనకాముందూ చూడకుండా నొక్కి ఖాతా ఖాళీ చేసుకునేవారిలో డిగ్రీలున్న యువకులూ ఉంటారు. చదవడం రాక వాయిస్ మెసేజీలతోనే కాలం గడుపుతూ, వచ్చిన ప్రతి మాటకూ 'ఇది చెప్పిందెవరు, ఎప్పటి మాట ఇది' అని అడిగే ఆవిడ నా దృష్టిలో వీరందరికంటే ఎక్కువ చదువుకున్న మనిషి.

ప్రశ్న: మాది భీమవరం దగ్గర వనామీ రొయ్యల సాగు. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు పెంచినప్పుడు మా రైతుల గ్రూపులన్నిటిలో ఒకే మాట: రేపటినుంచి ప్రాసెసింగ్ ప్లాంట్లు సరుకు కొనవు, ఈ రోజే పట్టుబడి చేసుకోండి (చెరువులోని రొయ్యలు పట్టేయండి) అని. ఐదారు గ్రూపుల్లో అదే కనిపించడంతో, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ఇంకా రాని చెరువులను కూడా చాలామంది పట్టేశారు. ఇలాంటప్పుడు ఏది నిజమో ఎలా పోల్చుకోవాలి?
– ఒక ఆక్వా రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ఆ వదంతికి బలం ఎక్కడినుంచి వచ్చిందో ముందు చూడండి. సుంకాల వార్త నిజమే. 2025 ఆగస్టు 7న 25 శాతం, 27న మరో 25 శాతం కలిపి మన దేశపు సరుకుల మీద అమెరికా 50 శాతం అదనపు సుంకం వేసింది, మన రొయ్యకు ఆ దేశమే పెద్ద మార్కెట్టు. జరిగిన నిజానికి జరగని మాటను ఒకదాన్ని అతికిస్తే, నిజానికి ఉన్న విశ్వాసమంతా అబద్ధానికి దక్కుతుంది. పూర్తిగా కల్పించిన కబురు కంటే ఇది ప్రమాదకరం, ఎందుకంటే సగం సరిచూసుకున్నవారు కూడా మిగతా సగాన్ని నమ్ముతారు.

ఐదారు గ్రూపుల్లో కనిపించింది కాబట్టి ఐదారుగురు చెప్పినట్టని మీరు భావించారు. మీ గ్రూపుల సభ్యుల పేర్లు ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి: అదే చుట్టుపక్కల రైతులు, అదే మేతల డీలర్లు, అదే కొనుగోలు ఏజెంట్లు. ఒక గ్రూపులో విన్నవారే రెండవ గ్రూపులో పెడతారు. మాట ఎన్నిసార్లు వినిపించిందన్నది కాదు, ఒకరితో ఒకరికి సంబంధం లేని ఎంతమంది నోట వచ్చిందన్నది లెక్కించాలి. రైతు తొందరపడి పట్టుబడి చేస్తే లాభపడేవారు కూడా ఆ గ్రూపులో కూర్చుని ఉంటారని గుర్తుంచుకోవాలి. ప్రతి ఏజెంటూ దురుద్దేశంతో చేస్తాడని నేననడం లేదు. అడగవలసిన ప్రశ్న మాత్రం అది.

దీనికి విరుగుడు గ్రూపులు తగ్గించుకోవడం కాదు, పరిచయాలను విస్తరించుకోవడం. అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ప్రకటించిన ఒక వ్యాసంలో, బోస్టన్ సమీపంలోని న్యూటన్‌లో ఉద్యోగాలు మారినవారిని అడిగి తెలుసుకున్న సంగతి ఉంది. తెలిసినవారి ద్వారా కొత్త ఉద్యోగం గురించి విన్నవారిలో ఆరింట ఒక్కరికే ఆ కబురు తరచుగా కలిసే మనిషినుంచి వచ్చింది, మిగిలినవారికి ఎప్పుడో ఒకప్పుడు కలిసే ముఖపరిచయస్థులే చెప్పారు. దగ్గరివారికి తెలిసింది మనకు ముందే తెలిసి ఉంటుంది, దూరపువారే మనం తిరగని చోట్ల మాట తెస్తారు. మీ విషయంలో ఆ దూరపు మనిషి నెల్లూరు వైపు రైతు కావచ్చు, కాకినాడలో ప్లాంటులో పనిచేసే పాత క్లాస్‌మేటు కావచ్చు. 'మీ దగ్గర ఈ రోజు కొంటున్నారా, ఏ కౌంట్‌కు ఎంత ఇస్తున్నారు' అని ఇద్దరికి ఫోన్ చేస్తే ఆ పూటే తేలేది. రేట్ల పట్టీ ఫొటో వస్తే తేదీ, కౌంట్, ఏ ప్రాంతానికి చెందినదో ఉన్నాయా అని చూడండి. తేదీ లేని పట్టీ మీద ఆధారపడి చెరువులో వల దించకండి. తెల్లమచ్చ వంటి వ్యాధి సోకి తప్పనిసరై పట్టుబడి చేయడం వేరు, వాయిస్ మెసేజీ విని చేయడం వేరు.

ప్రశ్న: మా చెల్లెలికి కువైట్‌లో ఇంటిపని ఇప్పిస్తానని ఫేస్‌బుక్‌లో పరిచయమైన ఏజెంటు చెబుతున్నాడు. అతని పేజీకి వేలమంది ఫాలోయర్లు ఉన్నారు, అక్కడ పనిచేస్తున్న మన ఆడవాళ్ల వీడియోలు కూడా పెడుతుంటాడు. ముందుగా డబ్బు పంపమంటున్నాడు. నమ్మవచ్చునా?
– ఒక గృహిణి, రాజోలు

జవాబు: డబ్బు పంపకండమ్మా. ఫాలోయర్ల సంఖ్యను డబ్బుకు కొనుక్కోవచ్చు, వీడియోలను ఇతరుల పేజీలనుంచి తీసి పెట్టుకోవచ్చు, కాబట్టి ఆ రెండూ సాక్ష్యం కావు. 1983 నాటి వలసల చట్టం ప్రకారం విదేశాంగ శాఖ వద్ద నమోదైన ఏజెంట్లే మనుషులను పంపాలి. ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో వారి పేర్లు, నంబర్లు వెతికి చూసుకోవచ్చు. వారు తీసుకోగల సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ; అంతకు మించి అడగకూడదు. మీ చెల్లెలి పాస్‌పోర్టులో వలస అనుమతి అవసరమని ఉంటే, ఇంటిపనికి వెళ్లడానికి 30 ఏళ్లు నిండి ఉండాలి, అదీ ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. విజిట్ వీసా మీద పంపి అక్కడ మార్పిస్తానని ఎవరైనా అంటే ఆ మాటతోనే సంభాషణ ముగించండి. ఆన్‌లైన్ ఉద్యోగ ప్రకటనలను నమ్మి కంబోడియా చేరి, అక్కడ సైబర్ మోసాలు చేసే ముఠాల చేతిలో బందీలైన మన రాష్ట్రపు యువకుల ఉదంతాలు 2024లో బయటపడ్డాయి.

పేజీ ఎప్పుడు మొదలైంది, పేరు ఎన్నిసార్లు మారింది అన్నది ఫేస్‌బుక్‌లోనే ఆ పేజీ వివరాల్లో కనిపిస్తుంది. వీడియోలోని దృశ్యాన్ని గూగుల్ లెన్స్‌లో వెతికితే అది మొదట ఎక్కడిదో చాలాసార్లు తెలుస్తుంది. వీటన్నిటికంటే మేలైనది మీ ఊళ్లో కువైట్ వెళ్లి వచ్చినవారిని ఇద్దరిని కలవడం, మీ వైపు అలాంటివారికి కొదవలేదు. చెల్లెలి పాస్‌పోర్టు ఫొటో అతనికి ఇప్పటికే పంపి ఉంటే ఇంకేమీ పంపకండి. ఫోన్‌పే, గూగుల్ పేలలో డబ్బు రావడానికి పిన్ కొట్టనక్కరలేదు, పిన్ అడిగారంటే డబ్బు మీ ఖాతానుంచి పోతున్నట్టే. డబ్బు పోయి ఉంటే గంటలు గడవనివ్వకుండా సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకు ఫోన్ చేయండి, ఎంత త్వరగా చెబితే అవతలి ఖాతాలో సొమ్మును నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ.

ప్రశ్న: కోనసీమ జిల్లా పేరు మార్పు మీద మా ఊళ్లో జరిగిన 2022 మే 24 నాటి గొడవలు, ఆ తరువాత రోజుల తరబడి ఇంటర్నెట్ నిలిచిపోవడం చూశాక మా వీధి గ్రూపుకు అడ్మిన్‌గా ఉండాలంటే జంకుగా ఉంది. సభ్యులు పెట్టినదానికి అడ్మిన్ శిక్ష అనుభవించాలా?
– ఒక డిగ్రీ విద్యార్థి, అమలాపురం

జవాబు: కేవలం అడ్మిన్ అయినంత మాత్రాన మరొకరి పోస్టుకు నేరబాధ్యత అంటదని 2021లో బొంబాయి హైకోర్టు, 2022లో కేరళ హైకోర్టు తీర్పు చెప్పాయి. ఆ పోస్టు వెనుక ఉద్దేశంలో అడ్మిన్‌కూ భాగం ఉంటే, లేదా తానే దాన్ని ఇతర గ్రూపులకు పంపితే ఈ రక్షణ వర్తించదు. సభ్యుడు పెట్టిన సందేశాన్ని అందరికీ కనిపించకుండా తొలగించే వీలు అడ్మిన్‌కు ఉంది. ఉద్రిక్తత ఉన్న రోజుల్లో అడ్మిన్లు మాత్రమే సందేశాలు పంపేలా గ్రూపును మార్చి, పరిస్థితి చల్లబడ్డాక తిరిగి తెరవవచ్చు. తొలగించిన ప్రతిసారీ ఎందుకు తొలగించారో ఒక వాక్యం రాయండి. లేకపోతే ఆ సభ్యుడు అదే పోస్టును రెండవ గ్రూపులో, మీరు దాచిపెట్టిన నిజమన్న వ్యాఖ్యతో పెడతాడు.