నాయనమ్మ జ్ఞాపకార్థ కూడికలో ఐదు నిమిషాలు ఏం చదవాలి?

కూడికలో నాయనమ్మ జీవిత విశేషాలు చదవమన్నారు, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలని అడిగారు. ముందు ఆవిడ బైబిలు తెరవండి. అట్ట లోపల, మొదటి ఖాళీ పేజీలో పెళ్లి తేదీ, పిల్లలు పుట్టిన రోజులు రాసుకోవడం చాలా ఇళ్లలో అలవాటు. గీతలు గీసిన వచనాలు, అంచులు నలిగిన పేజీలు చూసుకోండి. చదివే వాక్యం అక్కణ్ణుంచే తీసుకోండి. సామెతలు 31 (గుణవతియైన భార్యను పొగిడే అధ్యాయం) ప్రతి కూడికలోనూ వింటాం, ఆవిడ రోజూ వేలుపెట్టి చదువుకున్న కీర్తన వేరే ఉండి ఉంటుంది.

పుట్టిన తేదీ దగ్గరే ఎక్కువ తప్పులు దొర్లుతాయి. ఆధార్‌లో జనవరి 1 అని ఉంటే చాలావరకు వయసు అంచనా కట్టి వేసిందే. పాస్టరుగారిని అడిగి బాప్తిస్మపు రిజిస్టరు చూడండి. లూథరన్, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాల్లో పసిపిల్లలకే బాప్తిస్మం ఇస్తారు కాబట్టి పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు మామూలుగా దొరుకుతాయి. బాప్టిస్టు సంఘాల్లో ఎదిగాక ఇస్తారు, ఆ తేదీని బట్టి వయసు లెక్కకట్టకండి. మిగతావి మేనత్తల్ని అడగండి. దివిసీమ ఉప్పెన (1977 నవంబరు) నాటికి పెద్దబ్బాయి ఏ తరగతి, 1986 గోదావరి వరదలప్పుడు కాపురం ఎక్కడ అంటే సంవత్సరాలు వాటంతటవే బయటపడతాయి. తేలనివి "1970లలో" అని రాస్తే చాలు.

"భక్తిపరురాలు, ప్రేమమూర్తి" అని రాస్తే ఏ నాయనమ్మకైనా సరిపోతుంది. ఆవిడ చేసిన పని రాయండి. ఎసట్లో పోసే ముందు పిడికెడు బియ్యం తీసి గుడికని దాచేవారా? ఏ డబ్బాలో వేసేవారు, అది పొయ్యికి ఏ పక్కన ఉండేది, ఇంట్లోకే బియ్యం చాలని నెలల్లో ఏం చేసేవారు? ఈ ఒక్కటీ వివరంగా చెప్పండి, ఆవిడ విశ్వాసం ఎలాంటిదో వినేవాళ్లకి తెలిసిపోతుంది. నా లెక్కలో సగం సమయం దీనికే ఇవ్వాలి.

మొత్తం నాలుగొందల మాటలు దాటనివ్వకండి. చదువుతుంటే గొంతు పూడుకుపోతుంది, మధ్యలో ఆగాల్సి వస్తుంది. పెద్ద అక్షరాలతో, కాగితానికి ఒకవైపే రాయండి. ఇంకో ప్రతి ముందు వరసలో కూర్చునే తమ్ముడికో చెల్లెలికో ఇస్తే, మీరు ఆగిన చోటు నుంచి అందుకుంటారు.

కొడుకుల, అల్లుళ్ల ఉద్యోగాలు వద్దు, వయసు వరుసలో పేర్లు చాలు. చిన్నప్పుడే పోయిన బిడ్డ ఉంటే ఆ పేరూ చేర్చండి. మర్చిపోయేది, ఇంట్లో మనసు నొచ్చుకునేది అక్కడే. ముందురోజే ఆ వరస పెద్ద మేనత్తకి చదివి వినిపించండి.