బతుకమ్మ ఆటకు వెళ్ళి రెజ్యూమె చేతిలో పెట్టకండి

హైదరాబాద్‌లో పెళ్ళికి వెళ్తే పని అడగడం తేలిక. ఫంక్షన్ హాల్లో భోజనాల దగ్గర మేనత్తో బాబాయో "మావోడే అన్నా, బీటెక్ అయింది, జర చూడు" అంటే చాలు, అవతలివాళ్ళు నంబరు ఇచ్చేస్తారు. మీ తరఫున పూచీ ఉండే మనిషి అక్కడ ఉన్నాడు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగు సంఘం వేడుకకు వెళ్ళినప్పుడు ఆ మనిషి ఉండడు. పైగా ఇండియన్ స్టోర్‌లో "మీరు తెలుగువాళ్ళా? ఎక్కడ పని చేస్తారు? ఒకసారి కాఫీకి కలుద్దామా?" అని మొదలుపెట్టి, చివరికి గొలుసుకట్టు వ్యాపారంలో చేరమనేవాళ్ళు అక్కడి జనాన్ని ఎప్పుడో విసిగించేశారు. ముక్కూమొహం తెలియని మనిషి నవ్వుతూ దగ్గరికొస్తే 'ఏం అంటగడతాడో' అన్న అనుమానమే ముందు పుడుతుంది. మీ తప్పేమీ లేదు, కానీ భరించాల్సింది మీరే.

అందుకే ఉద్యోగం, క్లయింటు, పెట్టుబడి లాంటి మాటలేవీ అక్కడ ఎత్తొద్దు. రేపు మెసేజ్ పెడితే 'ఆ, ఆ అబ్బాయే కదా' అని గుర్తుపట్టేంత పరిచయం దొరికితే ఆ సాయంత్రానికి అదే ఎక్కువ.

దానికి అన్నిటికంటే మంచి దారి వలంటీరుగా చేరడం. బతుకమ్మ, ఉగాది, దీపావళి వేడుకలు ఎక్కువగా స్కూల్ ఆడిటోరియంలోనో గుడి హాల్లోనో వారాంతంలో జరుగుతాయి. నిర్వాహకులకు ఎప్పుడూ మనుషులు చాలరు. భోజనాల వరుసలో గరిటె పట్టుకుంటే వచ్చినవాళ్ళంతా మీ ముందు నుంచే వెళ్తారు, మాట కలపడానికి వంక వెతుక్కోనక్కర్లేదు. ఇంకా మేలైనది చివర్లో కుర్చీలు మడతపెట్టే పని. ఆ వేళకు మిగిలేది ఊళ్ళో అందరినీ ఎరిగిన నలుగురైదుగురు. ముందు వరుసలో స్పాన్సర్ల చుట్టూ తిరిగేవాళ్ళకు వీళ్ళు దొరకరు.

ఎవరైనా "ఏం చేస్తుంటారు?" అంటే "సాఫ్ట్‌వేర్ అండీ" అని ఆపేయకండి. ఆ హాల్లో సగంమంది అదే. రెండు వాక్యాలు ఇంట్లోనే నోటికి పట్టించుకోండి: "గచ్చిబౌలిలో నాలుగేళ్ళు బ్యాంకుల పేమెంట్ సిస్టమ్స్ టెస్టింగ్ చేశానండీ. ఇక్కడ ఇప్పుడు డేటా అనలిటిక్స్‌లో మాస్టర్స్ చేస్తున్నా." అంతే, మిగతాది వాళ్ళను మాట్లాడనివ్వండి. "మీ కంపెనీలో ఈ పనికి ఏ టూల్స్ వాడుతున్నారు?" లాంటి ప్రశ్నకు ఎవరైనా సంతోషంగా జవాబిస్తారు. జీతమెంత, ఇల్లు ఎంతకు కొన్నారు, గ్రీన్‌కార్డు ఎక్కడిదాకా వచ్చింది అని అడగొద్దు. ఇంటిపేరు, ఊరు అడిగి కులం ఆరా తీసే అలవాటుంటే శంషాబాద్‌లోనే వదిలేయండి. ఐదారు నిమిషాలయ్యాక మీరే సెలవు తీసుకోండి. ఎదుటివాళ్ళు భుజం మీదుగా చూడటం మొదలుపెట్టారంటే అప్పటికే ఆలస్యమైనట్టు.

లింక్డిన్ క్యూఆర్ కోడ్ స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌లో ఉంచుకోండి. ఆడిటోరియాల్లో సిగ్నల్ సరిగా ఉండదు, యాప్ తెరుచుకునేసరికి మాట చల్లారిపోతుంది. అమెరికన్ సహోద్యోగి ఇంటి పార్టీ అయితే తీరు వేరు. ఆరింటికి రమ్మంటే ఆరింటికో, ఐదు పది నిమిషాలు ఆలస్యంగానో వెళ్ళాలి. వస్తామో రామో అడిగిన తేదీలోపు చెప్పాలి. చెప్పకుండా రూమ్మేట్‌ను వెంటబెట్టుకెళ్ళడం అస్సలు బాగోదు. గ్లాసు ఎడమ చేత్తో పట్టుకుంటే కరచాలనానికి కుడిచెయ్యి తడిలేకుండా ఉంటుంది.

మర్నాడో ఆ మర్నాడో రెండు లైన్ల మెసేజ్ పెట్టండి. ఎక్కడ కలిశారో, ఏ మాట వచ్చిందో గుర్తుచేసి, ఫోన్‌లో పదిహేను నిమిషాలు వీలవుతుందా అని అడగండి. రెఫరల్, అంటే వాళ్ళ కంపెనీలో మీ పేరు సిఫారసు చేయమనే మాట, ఆ ఫోన్ తర్వాతే. ఇక్కడ చాలామంది బోల్తా పడుతుంటారు. ముందే కంపెనీ వెబ్‌సైట్‌లో అప్లై చేసేసి తర్వాత "అన్నా, రిఫర్ చేయండి" అంటారు. చాలా కంపెనీల్లో ఒకసారి సొంతంగా అప్లై చేశాక రెఫరల్ తగిలించడం కుదరదు. కాబట్టి అప్లై చేయకముందే ఉద్యోగం ఐడీ నంబరు, పీడీఎఫ్ రెజ్యూమె, ఆ పనికి మీరెలా సరిపోతారో మూడు లైన్లు పంపండి. "ఏదైనా ఓపెనింగ్ ఉంటే చూడండి" అంటే వెతికే పని వాళ్ళ నెత్తిన పెట్టినట్టే, ఎవరూ చేయరు.

తొందర ఎందుకొస్తుందో తెలియంది కాదు. ఓపీటీలో, అంటే చదువయ్యాక విద్యార్థి వీసా మీదే పనిచేసుకోనిచ్చే కాలంలో, ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకు మించి ఉండకూడదు. కంపెనీ తరఫున వచ్చే ఉద్యోగ వీసా హెచ్1బీలో ఉద్యోగం పోతే, ఇంకోటి వెతుక్కోవడానికో దేశం వదలడానికో గడువు ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. ఆ కంగారు గొంతులో వినిపిస్తే ఎదుటివాళ్ళు జారుకుంటారు. లెక్క మొదలవకముందే, చదువు మొదటి సెమిస్టర్ నుంచే పరిచయాలు పెంచుకోవడం నయం. ఇంకో జాగ్రత్త: పార్టీలో ఎవరో "మా స్టార్టప్‌లో వారాంతాల్లో సాయం చెయ్యి తమ్ముడూ" అంటారు. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు వేరే కంపెనీకి పనిచేయాలంటే ఆ కంపెనీ కూడా మీ కోసం ఇమిగ్రేషన్ శాఖలో పిటిషన్ వేయాలి. డబ్బు తీసుకోవట్లేదు కదా అన్న ధీమా వద్దు, లాయర్‌ను అడిగాకే ఒప్పుకోండి. లేని అనుభవాన్ని రెజ్యూమెలో రాయిస్తామనేవాళ్ళ దగ్గర అసలు నిలబడొద్దు.

సొంత వ్యాపారం చేసేవాళ్ళు, ముఖ్యంగా ఇళ్ళు, ఇన్సూరెన్స్ అమ్మేవాళ్ళు, సత్యనారాయణ వ్రతం పిలుపును బేరాలకు వాడుకోకండి. ప్రసాదం బల్ల మీద కరపత్రాలు పెడితే ఆ ఇంటివాళ్ళు మళ్ళీ పిలవరు. సంఘం వేడుకలో స్టాల్‌కు డబ్బు కట్టి కూర్చోండి, అవసరమున్నవాళ్ళే వస్తారు. వేడుక వాట్సాప్ గ్రూపులోంచి నంబర్లు ఏరుకుని విడివిడిగా మెసేజ్‌లు పెట్టడం మాత్రం క్షమించరు.

జవాబు రాకపోతే వారం పది రోజులకు ఒక్కసారి గుర్తుచేయండి, అక్కడితో వదిలేయండి. సాయం చేసినవాళ్ళకు ఇంటర్వ్యూ ఏమైందో, పోయినా సరే, చెప్పండి. జవాబివ్వనివాళ్ళు వచ్చే ఉగాదికి ఎదురైతే మెసేజ్ సంగతి ఎత్తకుండా పిల్లల చదువు గురించో పచ్చడిలో వేపపువ్వు ఎక్కడ దొరికిందో అడగండి.