‘అందరూ అక్కడే ఉన్నారు కదా మేడమ్!’

ప్రశ్న: పోఖరాలో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. 2025 సెప్టెంబర్ 4న నేపాల్ ప్రభుత్వం ఫేస్‌బుక్, యూట్యూబ్, వాట్సాప్ సహా 26 వేదికలను ఆపేయమన్నప్పుడు మా పిల్లలకు దిక్కు తోచలేదు. ఒక్క కంపెనీ చేతిలో లేని మాస్టడాన్ లాంటి సోషల్ మీడియాకు రమ్మంటే, ‘అందరూ ఫేస్‌బుక్‌లోనే ఉన్నారు కదా మేడమ్’ అంటున్నారు. ఎలా నచ్చజెప్పాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: వాళ్లన్నది నిజమే కదమ్మా, ముందు అది ఒప్పుకోండి. ఖతర్‌లోనో మలేసియాలోనో పనిచేసే తండ్రి ఇంటికి మాట్లాడేది వాట్సాప్‌లోనో ఐఎంఓలోనో. మాస్టడాన్‌లో ఆ కాల్ సదుపాయమే లేదు. కాబట్టి ‘ఫేస్‌బుక్ మానేయండి’ అన్న మాటే ఎత్తకండి, రెండో చిరునామా ఒకటి పెట్టుకోమనండి.

పాఠం చెప్పడానికి ఆ 26 పేర్ల జాబితాయే చాలు. అందులో మాస్టడాన్ కూడా ఉంది, గమనించారా? ఏడు రోజుల్లో నమోదు చేసుకోవాలి, నేపాల్‌లో బాధ్యుణ్ణి చూపించాలి అన్నారు. మాస్టడాన్ తరఫున వచ్చేదెవరు? ఓయిగెన్ రోచ్కో 2016లో జర్మనీలో మొదలుపెట్టిన ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా తీసుకుని సొంత సర్వర్ మీద నడుపుకోవచ్చు. అలాంటివి వేలల్లో ఉన్నాయి. దేని యజమాని దానికే, దేని డొమైన్ (వెబ్ చిరునామా) దానికే. అయినా యాక్టివిటీపబ్ అనే ఉమ్మడి పద్ధతి వల్ల ఒక సర్వర్లోని మనిషి రాసింది ఇంకో సర్వర్లోని మనిషికి అందుతుంది. ఒక డొమైన్‌ను ఆపితే మిగతావి ఆగవు. మొత్తం ఇంటర్నెట్టే కట్ చేస్తే మాత్రం ఇదీ పనిచేయదు, ఆ సంగతి దాచకుండా చెప్పండి.

నిషేధం 8వ తేదీ రాత్రే ఎత్తేశారు, ఆ పగలు యువత నిరసనల్లో 19 ప్రాణాలు పోయాక. ప్రధాని గద్దె దిగాక, తాత్కాలిక ప్రధాని ఎవరన్న చర్చ ఆ కుర్రాళ్లు డిస్కార్డ్ అనే గ్రూప్ చాట్ యాప్‌లో పెట్టుకున్నారు. అదీ ఒక్క కంపెనీదే, పైగా ఆ జాబితాలోదే! మీ పిల్లల్ని ఈ ఒక్క విషయం మీద మాట్లాడమనండి, గంట ఇట్టే గడిచిపోతుంది.

ఒక్కొక్కరినీ లాగకండి, పనికొచ్చే ఖాతా ఒకటి క్లాసంతా కలిసి నడపండి. వానాకాలంలో కొండచరియలు పడితే ముగ్లిన్–నారాయణ్‌గఢ్ రోడ్డు తెరిచి ఉందా, పృథ్వీ హైవే మీద బస్సులు కదులుతున్నాయా అని అడగనివారుండరు. ఆ కబురు నేపాలీలో పెట్టండి, పోస్టు భాష నేపాలీ అని ఎంచుకోవడం మరవకండి. చదివేవాళ్లకు ఖాతా అక్కర్లేదు, లింకు నొక్కితే బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. ఖాతా చిరునామా చివర ‘.ఆర్ఎస్ఎస్’ అని ఇంగ్లీషు అక్షరాల్లో చేరిస్తే ఫీడ్‌గా, అంటే ఫీడ్ రీడర్ యాప్‌లో కొత్త పోస్టులు వాటంతటవే కనిపించేలా కూడా వస్తుంది. ఫేస్‌బుక్‌లో ఉన్నవాళ్లకు ఆ లింకే పంపండి, ఇష్టమైనవాళ్లు తర్వాత వాళ్లే వస్తారు.

అన్నిటికన్నా పెద్ద సర్వర్లో చేరొద్దంటాను. ఆపాలనుకున్నవాళ్ల కన్ను ముందు దాని మీదే పడుతుంది. మధ్యరకంది చూసుకోండి. చేరిన రోజే సెట్టింగ్స్‌లో ఎక్స్‌పోర్ట్ దగ్గరికెళ్లి, తాము ఫాలో అయ్యేవాళ్ల జాబితాను సీఎస్‌వీ ఫైల్‌గా (పట్టికలా తెరుచుకునే మామూలు ఫైల్) దించుకోమనండి. సర్వర్ మారితే ఫాలోయర్లు వెంట వస్తారు, పాత పోస్టులు రావు. ఆ మార్పు జరగాలంటే పాత సర్వర్లోకి లాగిన్ కాగలగాలి. అది అందకపోతే చేతిలో మిగిలేది ఆ ఫైలే.

సొంత సర్వర్ ఉబలాటం ఇప్పుడే వద్దు. నేనూ స్నేహితులతో కలిసి చిన్నది ఒకటి నడుపుతున్నాను. డిస్కు నిండేది మా రాతలతో కాదు, బయటి సర్వర్ల నుంచి వచ్చి పేరుకునే బొమ్మలతో. అర్ధరాత్రి వచ్చే ఫిర్యాదులు చూడటానికి నేపాలీ బాగా వచ్చినవాళ్లు ఇద్దరైనా దొరికాక ఆలోచించండి.

ఒక్క హెచ్చరిక. అక్కడి ప్రైవేటు సందేశాలకు తాళం ఉండదు, సర్వర్ నడిపేవాడు తలుచుకుంటే చదవగలడు. గుట్టుగా మాట్లాడుకోవాల్సినవి సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్‌లోనే మాట్లాడుకోమనండి.