సమాధానం: డిశ్చార్జి అయిన 30 రోజుల్లో మళ్లీ ఆసుపత్రిలో చేరే రోగులను కంప్యూటర్ అంచనా మోడల్ గుర్తించకపోవడం

ఖచ్చితత్వం 90 శాతం వచ్చినా, మళ్లీ చేరిన రోగుల్లో ఒక్కరినీ మీ మోడల్ పట్టుకోవడం లేదని రాశారు. పదిమందిలో తొమ్మిదిమంది తిరిగి రాని డేటాలో అందరికీ ‘రారు’ అని చెప్పినా అదే 90 వస్తుంది కనుక, ఆ అంకెను పక్కనపెట్టి రీకాల్ (నిజంగా మళ్లీ చేరినవారిలో మోడల్ ఎంతమందిని పట్టుకుంది), ప్రెసిషన్ (‘వస్తారు’ అని చెప్పినవారిలో ఎంతమంది నిజంగా వచ్చారు) చూడండి. మోడల్ ఇచ్చే సంభావ్యత ఎంత దాటితే ‘వస్తారు’ అనాలో చెప్పే హద్దును 0.5 దగ్గరే ఉంచకుండా, డిశ్చార్జి తర్వాత ఎంతమందిని ఫోన్‌లో పలకరించగల సిబ్బంది ఉన్నారో దాన్నిబట్టి తగ్గించండి. ఒకే రోగి అడ్మిషన్లు మోడల్‌కు శిక్షణనిచ్చే డేటాలోనూ, దాన్ని పరీక్షించే డేటాలోనూ పడకుండా రోగి నంబరు ఆధారంగా డేటాను విడగొట్టారా? చాలామంది జారిపడేది ఇక్కడే. కీమోథెరపీ వంటి ముందే అనుకున్న చేరికలను మళ్లీ చేరడంగా లెక్కించకండి. ఆసుపత్రిలోనే మరణించినవారిని తీసివేయండి.

మీ మోడల్‌తో పోలికకు, మళ్లీ చేరే ప్రమాదాన్ని అంచనా వేసే లేస్ (LACE) స్కోరు తీసుకోండి: ఆసుపత్రిలో ఉన్న రోజులు, అత్యవసరంగా చేరడం, ఇతర జబ్బులు, గత 6 నెలల్లో ఎమర్జెన్సీకి వచ్చిన సార్లు కలిపి 0 నుంచి 19 వరకు వచ్చే ఈ స్కోరులో 10, ఆపైన ఉంటే ప్రమాదం ఎక్కువని భావిస్తారు.