పేరొచ్చింది కదా అని కాపురం సంగతులు అచ్చేస్తారా?

ప్రశ్న: టీవీ పాటల పోటీలో గెలిచినప్పటి నుంచి విలేకరుల ఫోన్లు ఆగడం లేదు. రెండు వారాల కిందట ఒక దినపత్రిక నా విడాకుల గురించి రాసింది. విడాకులైన మాట నిజమే. కానీ పిటిషన్‌లో నా మాజీ భర్త చేసిన ఆరోపణలన్నీ వరుసగా అచ్చేశారు. డబ్బు తీసుకుని రాజీపడ్డానన్నది పచ్చి అబద్ధం. పేరున్నవాళ్లకు ఇవి మామూలే, ఊరుకోమంటున్నారు. ఏం చెయ్యను?

జవాబు: ఊరుకోవద్దమ్మా. మీ పాట బాగాలేదని రాస్తే భరించాల్సిందే, అది విమర్శ. కాపురం సంగతి వేరు. పత్రిక తరఫు లాయరు బహుశా 1994 నాటి రాజగోపాల్ కేసు తీర్పు చూపిస్తారు. వ్యక్తిగత జీవితం జోలికి రావద్దంటూనే, కోర్టు రికార్డుల్లో ఉన్నవి రాయొచ్చని సుప్రీంకోర్టు అందులో చెప్పింది. దానికి మీ దగ్గర గట్టి జవాబుంది. మీ కేసు హిందూ వివాహ చట్టం కింద నడిచి ఉంటే, సెక్షన్ 22 ప్రకారం ఆ విచారణ విషయాలు అచ్చువెయ్యడమే నేరం. హైకోర్టు, సుప్రీంకోర్టు తీర్పులు వెయ్యాలన్నా ముందుగా ఆ కోర్టు అనుమతి కావాలి. జరిమానా వెయ్యి రూపాయలకు మించదు. ఒక మనిషి పరువుకు అది చాలా తక్కువని నా బాధ. అయినా మీ లాయరు పత్రికకు పంపే నోటీసులో ఈ సెక్షన్ తప్పక పెట్టించండి.

డబ్బు తీసుకున్నారన్న రాత పరువునష్టం కిందికి వస్తుంది. నష్టపరిహారం దావా అచ్చయిన రోజు నుంచి ఏడాదిలోపే వెయ్యాలి. ఆ గడువు దాటాక వచ్చి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లను చూశాను. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356 కింద క్రిమినల్ కేసు కూడా పెట్టొచ్చు. రెండేళ్ల వరకు శిక్ష పడొచ్చు. దీనికి పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగక్కర్లేదు, ఫిర్యాదు నేరుగా మేజిస్ట్రేటుకే.

అన్నిటికంటే ముందు, ఏ వాక్యం అబద్ధమో చూపిస్తూ, సవరణ వెయ్యమని ఎడిటర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. స్పందించకపోతే, పత్రికల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్ ఉంది. దినపత్రిక మీదైతే రెండు నెలల్లో ఫిర్యాదు చెయ్యాలి. కౌన్సిల్ పత్రికను మందలించగలదు, పరిహారం ఇప్పించలేదు.

ఇక ఫోన్లు. కోపంలో మీ మాజీ భర్త గురించి ఒక్క మాట కూడా అనకండి. తమంతట తామే వివాదంలోకి దిగినవారి పరిస్థితి వేరని ఆ 1994 తీర్పే అంటుంది. మీరు నోరు విప్పనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. తప్పదనుకుంటే ‘ఆ వార్త అబద్ధం, చట్టప్రకారం చర్య తీసుకుంటున్నాను’ అని రాసి, అందరికీ అదే పంపండి.

ఏ చట్టం కింద విడాకులయ్యాయో డిక్రీలో, అంటే కోర్టు ఇచ్చిన విడాకుల ఉత్తర్వులో ఉంటుంది. ఆ కాపీ, అసలు పత్రిక తీసుకుని ఈ వారమే మీ లాయరును కలవండి.